హవాయిలో కొండ ఎక్కడానికి స్లాట్ ఎలా పట్టాలి? కొత్త రుసుములు, షటిల్, రైలు సంగతులతో సహా

హవాయి వెళ్ళేవాళ్ళు ఆరు నెలల ముందే విమానం టికెట్లు కొంటారు, హోటల్ బుక్ చేస్తారు, స్నార్కెలింగ్‌కి అడ్వాన్సు కూడా కట్టేస్తారు. కొండ ఎక్కే విషయం వచ్చేసరికి మాత్రం "అదేముంది, వెళ్ళాక చూద్దాంలే" అంటారు. ఒకప్పుడు ఆ మాట చెల్లింది. ఇప్పుడలా వెళ్తే పార్కు గేటు దగ్గరున్న మనిషి మర్యాదగానే వెనక్కి పంపేస్తాడు.

మా చుట్టాల్లో ఎవరు హవాయి బయల్దేరినా ఈ బుకింగ్ పని నాకే వస్తుంది. అందరూ పొరపడేది ఒక్కచోటే. మిగతాదంతా తేలిక, కాబట్టి అది గబగబా చెప్పేసి అసలు చోటికి వస్తాను.

ఎక్కడెక్కడ డబ్బు కట్టాలి

హవాయి రాష్ట్ర పార్కుల్లో బయటివాళ్ళకి సాధారణంగా మనిషికి 5 డాలర్లు, కారు పార్కింగుకి 10 డాలర్లు. మూడేళ్ళలోపు పిల్లలకి ఏమీ లేదు. రాష్ట్రంలో నివసించేవాళ్ళకి ఉచితం, కానీ దానికి హవాయి ఇచ్చిన గుర్తింపు కార్డే కావాలి. టెక్సస్ లైసెన్సు చూపించి "మేమూ ఈ దేశంలోనే పన్ను కడుతున్నాం" అని వాదించినా లాభం లేదు.

కొన్నిచోట్ల డబ్బుతో పాటు ముందస్తు స్లాటు కూడా ఉండాలి. కవాయి ద్వీపంలో హాయెనా పార్కుకి 2019 నుంచి, మావీలో వైయానాపనాపకి 2021 నుంచి, ఒవాహులో డైమండ్ హెడ్ అనే పాత అగ్నిపర్వత బిలానికి 2022 మే నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. మావీలోనే ఉన్న హలేయకలా జాతీయ పార్కు కాబట్టి దాని లెక్క వేరు. కారుకి 30 డాలర్లు, మూడు రోజులు చెల్లుతుంది. సూర్యోదయం చూడాలంటే, అంటే తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య లోపలికి వెళ్ళాలంటే, కారుకి ఇంకో డాలరు పెట్టి విడిగా రిజర్వేషన్ తీసుకోవాలి. అది ఎవరి పేరున ఉందో ఆ మనిషి కారులో ఉండాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. పెద్దాయన పేరు మీద బుక్ చేసి, చలికి భయపడి ఆయన్ని హోటల్లోనే పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. శిఖరం ఎత్తు పదివేల అడుగుల పైమాటే, చలి నిజంగానే ఉంటుంది.

2026 జనవరి 1 నుంచి అమెరికాలోని 11 పెద్ద జాతీయ పార్కుల్లో విదేశీయులు మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలన్న వార్త చూసి చాలామంది కంగారు పడ్డారు. ఆ జాబితాలో హవాయి పార్కులేవీ లేవు. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని తీసుకొస్తున్నవాళ్ళు ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. అయితే అదే రోజు నుంచి హోటల్ గదుల మీద రాష్ట్ర పన్ను 10.25 శాతం నుంచి 11 శాతానికి పెరిగింది, జిల్లా పన్ను 3 శాతం దానికి అదనం. పెరిగిన భాగాన్ని తీరాల రక్షణ లాంటి పర్యావరణ పనులకి వాడతామన్నారు. గది అద్దె చూసుకునేటప్పుడు పన్నుతో కలిపే చూసుకోండి.

ఒవాహు: తేలికైన భాగం

డైమండ్ హెడ్ బుకింగ్ 30 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆఖరి ప్రవేశం సాయంత్రం 4కి, 6 కల్లా అందరూ బయటికి వచ్చెయ్యాలి. దారి ఒకవైపు మైలు కూడా లేదు, ఎక్కేది 560 అడుగులు. పొద్దున 6 గంటల స్లాటు తీసుకోండి. వేరే స్లాటు తీసుకోవడం దండగ. తొమ్మిది దాటాక ఆ బిలంలో నీడ ఉండదు, మెట్ల దగ్గర వరసలో నిలబడాల్సి వస్తుంది. అక్కడికి కారు వద్దు. హోటళ్ళు ఎక్కువగా ఉండే వైకీకీ నుంచి సిటీ బస్సు ఉంది, టికెట్ 3 డాలర్లు. నడిచి వెళ్ళినా, బస్సులో వెళ్ళినా మనిషికి 5 డాలర్ల ప్రవేశ టికెట్ మాత్రం ముందే ఉండాలి.

హొనొలులు కొత్త రైలు స్కైలైన్ 2025 అక్టోబరు 16 నుంచి విమానాశ్రయం దాకా వచ్చింది. అది చూసి రైలెక్కితే వైకీకీలో దిగుతామని అనుకోకండి. నగరం వైపు అది కలీహీ దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి బస్సు మారాలి. ఆ బస్సుల్లో ఒళ్ళో గానీ, సీటు కింద గానీ పట్టని సామాను ఎక్కనివ్వరు. చేతిసంచీతో వచ్చిన కుర్రాళ్ళకి రైలు బాగుంటుంది. నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్న కుటుంబం నేరుగా టాక్సీ ఎక్కడమే మంచిది.

హాయెనా: అందరూ బోల్తా పడేది ఇక్కడే

కవాయి ఉత్తర తీరంలో రోడ్డు ఆగిపోయిన చోట హాయెనా పార్కు మొదలవుతుంది. నాపలి కొండల అంచున సాగే కలలావ్ దారి అక్కణ్ణుంచే బయల్దేరుతుంది. 2018 ఏప్రిల్‌లో దగ్గర్లోని వైపాలో 24 గంటల్లో 49.69 అంగుళాల వాన కురిసింది, అమెరికాలో అదే రికార్డు. కొండచరియలు విరిగిపడి రోడ్డు తెగిపోయింది, పార్కు ఏడాదికి పైగా మూతపడింది. 2019 జూన్‌లో తెరిచినప్పుడు రోజుకి 900 మంది సందర్శకులకే అనుమతి అన్నారు. అంతకు ముందు రోజుకి రెండు మూడు వేల మంది వచ్చేవారు. టికెట్ ఎందుకు దొరకదో ఆ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

తిరుమల మూడొందల రూపాయల దర్శనం కోటా ఆన్‌లైన్‌లో వదిలే వేళ తెలుసు కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ నెల మొత్తానికి ఒకేసారి వదలరు. వెళ్ళే తేదీకి సరిగ్గా 30 రోజుల ముందు, హవాయి కాలమానంలో అర్ధరాత్రి 12 గంటలకి ఆ ఒక్క రోజు టికెట్లు గోహాయెనా డాట్ కామ్‌లో తెరుచుకుంటాయి.

హవాయి అర్ధరాత్రి అన్నాను, మీ ఊరి అర్ధరాత్రి కాదు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు రాత్రి 12 దాకా మేలుకుని, ఖాళీ క్యాలెండరు చూసి "అప్పుడే అయిపోయాయి" అని నిట్టూర్చి పడుకుంటారు. అయిపోవడం కాదు, ఇంకా తెరవనేలేదు. హవాయిలో వేసవికి గడియారం ముందుకి జరపరు. కాబట్టి వేసవిలో ఆ అర్ధరాత్రి కాలిఫోర్నియాలో తెల్లవారుజామున 3, డాలస్‌లో 5, న్యూజెర్సీలో ఉదయం 6. చలికాలంలో ఒక్కో గంట తగ్గించుకోండి: 2, 4, 5. ఇండియాలో మాత్రం ఏడాది పొడుగునా మధ్యాహ్నం 3:30. అందుకే నా మాట వింటే ఈ పని ఇండియాలో ఉన్న తమ్ముడికో మరదలికో అప్పగించండి. భోజనం చేసి, తీరిగ్గా కూర్చుని, నిద్రమత్తు లేకుండా బుక్ చేస్తారు. మూడింటికి అలారం పెట్టుకుని లేచినవాళ్ళు తేదీ తప్పు నొక్కడం మామూలే.

తేదీ లెక్క ఇంకో గొయ్యి. "నెల ముందు" అన్నా "30 రోజుల ముందు" అన్నా ఒకటి కాదు. జూలై 15న వెళ్ళాలంటే జూన్ 15న తెరుచుకుంటుంది, సరే. ఆగస్టు 15న వెళ్ళాలంటే జూలై 16న, ఎందుకంటే జూలైకి 31 రోజులు. అది కూడా 16వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి. హవాయి మనిషికి అది 15వ తేదీ రాత్రి పడుకునే వేళ. 16 రాత్రి దాకా ఆగితే ఒక రోజంతా పోయినట్టే. వేళ్ళ మీద లెక్కపెట్టకుండా క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, పక్కన మీ ఊరి సమయం కూడా రాయండి.

తెరిచాక మూడు రకాల టికెట్లు కనిపిస్తాయి. షటిల్‌తో, అంటే పార్కు దాకా తీసుకెళ్ళే బస్సుతో కలిపి ప్రవేశం, పార్కింగుతో కలిపి ప్రవేశం, ఒట్టి ప్రవేశం. పార్కింగువి నిమిషాల్లో ఖాళీ అవుతాయి. కంగారులో జనం ఏం చేస్తారంటే, దొరికింది చాలని ఒట్టి ప్రవేశం కొనేస్తారు. అది దిగబెట్టే మనిషి ఉన్నవాళ్ళకి, సైకిల్ మీద వచ్చేవాళ్ళకి. మీరు అద్దె కారులో అక్కడిదాకా వెళ్తే కారు పెట్టుకునే చోటు ఉండదు. రోడ్డు పక్కన పెడితే భారీ జరిమానా, మళ్ళీ వాదన లేదు. షటిల్ కొంటే ప్రవేశం అందులోనే ఉంటుంది, పార్కింగు కొంటే కారులో ఉన్న ప్రతి మనిషికీ ప్రవేశం కూడా చేర్చాలి. కారొకటి బుక్ చేసి అందులో నలుగురం కూర్చుని వెళ్తాం అంటే కుదరదు.

నన్నడిగితే పార్కింగు వైపు చూడనే వద్దు. షటిలే కొనండి. డబ్బు ఎక్కువే, కాదనను. కానీ పార్కింగు స్లాటుకి ముగింపు వేళ ఉంటుంది. కలలావ్ దారిలో నడిచి లోయలోని జలపాతం దాకా వెళ్ళేవాళ్ళకి ఒక స్లాటు చాలదు, పక్కపక్క స్లాట్లు రెండు దొరకాలి, అవి ఎప్పుడూ దొరకవు. గడియారం చూసుకుంటూ బురదలో పరిగెత్తినవాళ్ళే జారిపడతారు. షటిల్ హనలే దగ్గర వైపా నుంచి బయల్దేరుతుంది, ఆఖరి బండి తప్పిపోకుండా చూసుకుంటే చాలు. దారిలో ఒంటివరస వంతెనలున్నాయి. అటు నుంచి అయిదారు కార్లు వచ్చేదాకా ఆగి, తర్వాత ఇటువైపువి కదలాలి. అది తెలియక దూరిపోయే టూరిస్టుల మీద అక్కడివాళ్ళకి కోపం, న్యాయమైన కోపం. ఆ తలనొప్పి షటిల్ డ్రైవరుకే వదిలెయ్యండి.

కాబట్టి పద్ధతి ఇది. కవాయిలో ఉండే రోజుల్లో మూడు తేదీలు అనుకోండి. వాటిల్లో మొదటి తేదీకి ముందు ప్రయత్నించండి, దొరక్కపోతే మరునాడు రెండో తేదీకి. హెలికాప్టర్, పడవ లాంటివి ఈ టికెట్ చేతికి వచ్చాకే బుక్ చెయ్యాలి, ముందు కాదు. బుకింగ్‌కి ఫోన్ వాడొద్దు, కంప్యూటర్ ముందే కూర్చోండి. తెరిచే వేళకి పది నిమిషాల ముందే సైటు తెరిచి, అందరి పేర్లు, వయసులు, కార్డు దగ్గర పెట్టుకోండి. మొదటి రోజు దొరకలేదని వదిలెయ్యకండి. రద్దయిన టికెట్లు అప్పుడప్పుడూ తిరిగి కనిపిస్తుంటాయి, రోజుకి నాలుగైదుసార్లు చూస్తూ ఉండండి.

టికెట్ రాగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి. హాయెనాలో మొబైల్ సిగ్నల్ ఉండదు. గేటు దగ్గర ఈమెయిల్ తెరవబోయి తిప్పలు పడేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

దారి మీద

ఈ టికెట్‌తో హనకాపియై తీరం దాకా రెండు మైళ్ళు, అక్కణ్ణుంచి లోయలోకి జలపాతం దాకా మరో రెండు మైళ్ళు వెళ్ళొచ్చు. రానూపోనూ ఎనిమిది. తీరం దారిలో ఆ లోయ దాటి అడుగు ముందుకేస్తే, సాయంత్రానికి తిరిగొచ్చేసినా సరే, క్యాంపింగ్ పర్మిట్ ఉండాల్సిందే. బయటివాళ్ళకి మనిషికి రాత్రికి 35 డాలర్లు, 90 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఒకవైపు 11 మైళ్ళు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అది వద్దు.

హనకాపియై దగ్గర సముద్రంలో దిగకండి, ఈత వచ్చినా సరే. వాగు నీళ్ళు మట్టి రంగుకి తిరిగి పెరుగుతుంటే దాటొద్దు. అవతలే ఉండిపోయినా పరవాలేదు, తగ్గేదాకా కూర్చోండి. 2014 ఏప్రిల్‌లో ఈ వాగు పొంగి వందమందికి పైగా చిక్కుకుపోతే సహాయ బృందాలు రావాల్సి వచ్చింది. దారి మొదట్లో బూట్లు తుడుచుకునే బ్రష్ ఉంటుంది. ఒహియా చెట్లని చంపేస్తున్న శిలీంధ్రం బూట్ల మట్టితోనే ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతోంది. అర నిమిషం పని, ఎక్కేటప్పుడూ దిగాకా రెండుసార్లూ చెయ్యండి.

స్లాటు దొరకనే లేదా?

దొంగదారులు వెతక్కండి. కవాయి పడమటి వైపు వైమేయా లోయ, దాని పైన కోకేయే పార్కు ఉన్నాయి. అక్కడ ముందస్తు స్లాటు లేదు. అదే మనిషికి 5, కారుకి 10 డాలర్లు అక్కడే కట్టొచ్చు, రెండు పార్కులకీ కలిపి ఒకే రుసుము. కోకేయే చివర్లో ఉన్న వ్యూ పాయింట్ నుంచి కలలావ్ లోయ మొత్తం కింద కనిపిస్తుంది. పొద్దునే వెళ్ళండి, మబ్బు కమ్మితే ఏమీ కనపడదు. కమ్మినా వెంటనే కారెక్కెయ్యకండి, గాలి మారితే కాసేపటికే విడిపోతుంది.