సొంత జలాంతర్గామి – నాలుగో పాఠం: చుట్టు అతుకు, తడి లేని రాడ్డు

పోయిన పాఠంలో ప్లేటును రోలింగ్ మిషన్లో చుట్టి, నిలువు అతుకు వేసి, గుండ్రం సరిచూసుకున్నాం. ఇప్పుడు మీ షెడ్డులో మీటరు వ్యాసం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న డ్రమ్ములు రెండు సిద్ధంగా ఉండాలి. వాటిని ఒకదానికొకటి కలపడమే ఈ పాఠం. ప్లేటు మందం, లోపలి రింగుల మధ్య ఎడం ఇంజనీరు చేత లెక్క వేయించుకోమని రెండో పాఠంలో చెప్పాను. అది చేయించనివారు ఇక్కడే ఆగి ముందు ఆ పని చూసుకోండి.

మా పర్లాకిమిడికి 1900లో నౌపడ నుంచి నారోగేజి రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లు చూస్తూ పెరిగిన ఊరు కాబట్టి బాయిలరు అంటే ఏమిటో ఇక్కడ ఇనప్పని చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయితే బాయిలరు ఆలోచనతో జలాంతర్గామి పని చేస్తే తప్పు జరుగుతుంది. బాయిలర్లో ఒత్తిడి లోపలినుంచి బయటికి తోస్తుంది. డ్రమ్ము కాస్త కోలగా ఉన్నా ఆ ఒత్తిడే దాన్ని గుండ్రానికి తెస్తుంది. నీళ్లలో ఒత్తిడి బయటినుంచి వస్తుంది. కోలగా ఉన్నదాన్ని ఇంకా కోలగా చేసి, హద్దు దాటాక ఒక్కసారిగా నలిపేస్తుంది. సొట్ట పడిన బిందెను మళ్లీ నొక్కితే ఆ సొట్ట దగ్గరే లోపలికి పోతుంది కదా, అలాగ.

ప్రతి 10 మీటర్ల లోతుకి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల గుండ్రటి మూత మీద 10 మీటర్ల లోతులో పడే బరువు దాదాపు 2,800 కిలోలు.

ఇక చుట్టు అతుకు. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక చోట మొదలుపెట్టి చుట్టూ ఒకే ఊపున వేసుకుంటూ పోతే, మొలతాడు బిగించినట్టు డ్రమ్ము నడుము లోపలికి పోతుంది, అదీ ఒక పక్కకి లాగి. అందుకని చుట్టుకొలతను సుద్దముక్కతో ఎనిమిది భాగాలు చేయండి. అంచులు రెండూ కలిపి 60 డిగ్రీల వి ఆకారం రావాలి. అడుగున ఒకటిన్నర మిల్లీమీటర్ల అంచు వదలండి. మధ్యలో రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల గ్యాప్ ఉండాలి. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డును ఊచలా దూర్చి చూస్తే గ్యాప్ తెలిసిపోతుంది. పైన ఒక టాకు (ముక్కలు కదలకుండా పట్టే చిన్న వెల్డు) వేస్తే, రెండోది సరిగ్గా దాని కింద. తరువాత కుడి, ఆ తరువాత ఎడమ. ప్రతి టాకు రెండు కొసలనూ గ్రైండర్‌తో పలచగా అరగదీయండి. అలా చేయకపోతే రూటు వెల్డు, అంటే వి అడుగున వేసే మొదటి పొర, టాకు దగ్గర కరగకుండా పైనుంచి దాటిపోతుంది.

డ్రమ్మును రోలర్ల మీద పెట్టి తిప్పుకుంటే వెల్డు వేసే చోటు ఎప్పుడూ డ్రమ్ము పైభాగంలోనే, మీ చేతి కిందే ఉంటుంది. రూటుకి రెండున్నర రాడ్డు, 70 నుంచి 90 ఆంపియర్లు. నింపడానికి 3.15 రాడ్డు, 100 నుంచి 130. హోల్డరు పాజిటివ్‌కి కలపండి. ఒక భాగం వేశాక దాని ఎదుటి భాగానికి వెళ్లండి. వెల్డు మీద గట్టిపడే స్లాగ్ పెచ్చు పూర్తిగా కొట్టి, బ్రష్ చేసి, మెరిసే ఇనుము కనిపించాకే మీద ఇంకో పొర.

ఈ పాఠంలో నేను ఎక్కువసేపు చెప్పదలుచుకున్నది రాడ్డు గురించే. గేట్లు, గ్రిల్సు చేసే 6013 రాడ్డు ఇక్కడ వద్దు. లో హైడ్రోజన్ అని పిలిచే 7018 వాడాలి. దాని పూత గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఆర్క్ వేడికి ఆ తేమలోని హైడ్రోజన్ విడిపోయి కరిగిన ఇనుములోకి చేరుతుంది. వెల్డు చల్లారాక, కొన్ని గంటలకో మర్నాటికో, పగులు తెస్తుంది.

ఇది నా షెడ్డులోనే జరిగింది. శ్రావణం ముసురు. ముందురోజు విప్పిన ప్యాకెట్టులో మిగిలిన రాడ్లతో మూత కూర్చునే 40 మిల్లీమీటర్ల రింగును డ్రమ్ముకి అతికాను. వేడి చేయకుండానే వేశాను. సాయంత్రానికి వెల్డు చేపపొలుసుల్లా వరసగా, అందంగా ఉంది. పొద్దున్న మా కుర్రాడు బ్రష్ పట్టుకుని కూర్చుని, "మేస్త్రీ, రేత్రి దీన్ని ఎవరైనా కొట్టేరా ఏటి?" అన్నాడు. వెల్డు అంచు వెంబడి తలవెంట్రుకంత సన్నటి గీత, నాలుగు వేళ్ల పొడుగు. మొత్తం గ్రైండ్ చేసి తీసేసి, మళ్లీ వేశాను.

కాబట్టి తెరిచిన రాడ్లను ఓవెన్లో 350 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చండి. డబ్బా మీద కంపెనీ వేరే లెక్క రాస్తే అదే పాటించండి. తరువాత 100 డిగ్రీలు దాటిన వేడిలోనే ఉంచి, కావలసినన్ని మాత్రమే బయటికి తీయండి. బయట నాలుగు గంటలు దాటితే పక్కన పెట్టేయాలి. రాడ్డును ప్లేటుకి అంటించి ఎర్రగా కాల్చి ఆరబెట్టే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల పూత చిట్లుతుంది, తేమ మాత్రం పూర్తిగా పోదు. మందపాటి రింగు ఉన్నచోట గ్యాస్ మంటతో ముందు 100 డిగ్రీల దాకా వేడి చేయండి.

1963 ఏప్రిల్ 10న అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగిపోయింది. సముద్రపు నీటి పైపులో వెండి కలిపి అతికిన ఒక జాయింటు విడిపోయి ఉంటుందని విచారణలో తేల్చారు. అతుకుల తనిఖీ గురించి నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి అదీ ఒక కారణం.

బయట పూర్తయ్యాక లోపలినుంచి రూటు వెనుక భాగాన్ని గ్రైండ్ చేసి, మంచి ఇనుము తగిలేదాకా తీసి, అక్కడ ఇంకో వెల్డు వేయాలి. లోపలికి దిగేముందు పొగ లాగే ఫ్యాను, పొడి బట్టలు, కింద చెక్క లేదా రబ్బరు పరుపు ఉండాలి. మెయిన్ స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి. ఆ మనిషి టీకి వెళ్తే మీరు కూడా బయటికి వచ్చేయండి.

తరువాత 48 గంటలు ఆగండి. అప్పుడు ఎర్ర డై కొట్టి, పావుగంట ఉంచి, తుడిచి, తెల్ల డెవలపర్ స్ప్రే చేయండి. పగులుంటే తెలుపు మీద ఎర్రగీత లేస్తుంది. డై పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తుంది. లోపలి లోపాలకి అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాల్సిందే. ఆ పరీక్ష చేసే మనిషి మీ ఊళ్లో దొరక్కపోతే విశాఖ నుంచో బరంపురం నుంచో పిలిపించుకోండి.

వచ్చే పాఠంలోపు 10 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కలు రెండు తీసుకుని ఇదే పద్ధతిలో అతకండి. అడ్డంగా నాలుగు పట్టీలు కోసి, 40 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ మీద హైడ్రాలిక్ ప్రెస్సుతో యు ఆకారంలో వంచండి. రెండింటికి రూటు బయటివైపు, రెండింటికి పైభాగం బయటివైపు రావాలి. వంపు మీద ఎక్కడైనా మూడు మిల్లీమీటర్లకు మించి నోరు తెరిస్తే డ్రమ్ము ముట్టుకోకండి, ఇంకో రెండు ముక్కలు కోయండి.