కాపర్–సిల్వర్ ఘటం: విభవం, గిబ్స్ శక్తి లెక్క కట్టే పద్ధతి

కాపర్ కడ్డీ 0.10 మోలార్ కాపర్ నైట్రేట్‌లో, సిల్వర్ కడ్డీ 0.010 మోలార్ సిల్వర్ నైట్రేట్‌లో ఉన్నాయి. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్. ఈ ఘటం విభవం (వోల్టేజి), గిబ్స్ శక్తి మార్పు (చర్య నుంచి రాబట్టగల గరిష్ఠ పనికి కొలత) కట్టాలి.

ముందు పట్టికలోంచి ప్రమాణ క్షయకరణ విభవాలు (అయాన్ ఎలక్ట్రాన్లు తీసుకునే మొగ్గును 1 మోలార్ దగ్గర చూపే విలువలు) రాసుకోండి: సిల్వర్‌కు +0.80 వోల్టులు, కాపర్‌కు +0.34. ఎక్కువ విలువ ఉన్నది కాథోడ్ (ఎలక్ట్రాన్లు తీసుకునే వైపు), అంటే సిల్వర్; రెండోది, కాపర్, ఆనోడ్. కాథోడ్ విలువలోంచి ఆనోడ్ విలువ తీసేస్తే 0.46 వోల్టులు. రెండు విలువలనూ పట్టికలో ఉన్న గుర్తుతోనే వాడాలి. ఆనోడ్ గుర్తు తిప్పేసి మళ్లీ తీసేస్తే 1.14 వస్తుంది, తప్పు.

ఎలక్ట్రాన్లు సరిపోవడానికి సిల్వర్ అర్ధచర్యను 2తో గుణిస్తాం కదా, ఆ ఊపులో 0.80ని కూడా గుణించి 1.26 వోల్టులు తెచ్చుకునేవాళ్లు చాలామంది. విభవమంటే ఒక్కో కూలుంబ్ ఆవేశానికి దక్కే శక్తి. పదార్థం రెట్టింపైతే శక్తీ ఆవేశమూ కలిసే పెరుగుతాయి, వాటి నిష్పత్తి కదలదు. ఆ 2 గిబ్స్ శక్తి లెక్కలోకి వెళ్లాలి (96,500 అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, కూలుంబ్‌లలో):

−2 × 96,500 × 0.46 = −88,780 జౌళ్లు, అంటే −88.8 కిలోజౌళ్లు.

ఇదంతా రెండు ద్రావణాలూ 1 మోలార్ ఉన్నప్పటి మాట. మన గాఢతలకు నెర్న్‌స్ట్ సమీకరణం (గాఢతను బట్టి విభవాన్ని సరిచేసే సూత్రం; 25 డిగ్రీల దగ్గర దాని స్థిరాంకం 0.0591) వాడాలి. ఘన లోహాలను 1గా తీసుకుని, కాపర్ అయాన్ల గాఢతను సిల్వర్ అయాన్ల గాఢత వర్గంతో భాగించండి (ఒక కాపర్ అయాన్‌కు రెండు సిల్వర్ అయాన్లు కాబట్టి వర్గం):

0.10 ÷ (0.010)² = 1000; దీని లాగ్ 3.
విభవం = 0.46 − (0.0591 ÷ 2) × 3 = 0.371 వోల్టులు.
గిబ్స్ శక్తి మార్పు = −2 × 96,500 × 0.371 = −71.6 కిలోజౌళ్లు.

వర్గం మరిచిపోతే 0.430 వోల్టులు వస్తుంది. చూడ్డానికి నమ్మేలా ఉంటుంది కాబట్టే ఈ తప్పు కంటికి ఆనదు. విభవం రాసే ముందు భాగహారాన్ని ఒకసారి సరిచూసుకోండి.

సమతాస్థితి స్థిరాంకానికి మాత్రం ప్రమాణ విభవమే వాడాలి, 0.371 కాదు. 2 × 0.46 ÷ 0.0591 = 15.57, కాబట్టి స్థిరాంకం సుమారు 3.7 × 10¹⁵. 0.059 వేస్తే 3.9 × 10¹⁵ వస్తుంది. ఘాతంలో చిన్న తేడా జవాబులో పెద్దదవుతుంది, కంగారు పడొద్దు.

ల్యాబ్‌లో ఇదే ఘటం కడితే లవణ సేతువుకు (రెండు ద్రావణాలను కలిపే లవణ ద్రావణపు గొట్టం) పొటాషియం క్లోరైడ్ వద్దు. క్లోరైడ్ తగిలిన చోట సిల్వర్ క్లోరైడ్ తెల్లగా అవక్షేపిస్తుంది, సిల్వర్ అయాన్లు తగ్గి రీడింగ్ పడిపోతుంది. పొటాషియం నైట్రేట్ వాడండి. కాపర్ కడ్డీని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, మీటరు తప్ప మరేదీ తగిలించకుండా రీడింగ్ తీసుకోండి.