వీఎఫ్‌డీ లోపాలు: 5వ పాఠం – ఆపేటప్పుడు వచ్చే ట్రిప్

మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ (డ్రైవ్) లోపల వోల్టేజీ హద్దు దాటితే అది తనంతట తానే ఆగిపోతుంది, అదే ఓవర్‌వోల్టేజ్ ట్రిప్. ఈసారి దాని గురించి ఒక్కటే చెప్పాలనుకున్నాను. కానీ గత పాఠంలోని అభ్యాసం, అంటే మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) పెట్టి చూడటం, చేశాక డ్రైవ్ పనిచేయడం లేదని ముగ్గురు రాశారు. ముందు దాని సంగతి చూద్దాం.

మెగ్గర్ మోటారుకూ కేబుల్‌కూ మాత్రమే పెట్టాలి, డ్రైవ్‌కు కాదు. "ఎంసీబీ దించాం కదా" అని ముగ్గురూ అన్నారు. ఎంసీబీ ఉండేది డ్రైవ్‌కు ఇన్‌పుట్ వైపు. అది దించినా మోటారు తీగలు డ్రైవ్ అవుట్‌పుట్ వైపున్న యూ, వీ, డబ్ల్యూ టెర్మినళ్లకు బిగించే ఉంటాయి, వాటి వెనకే ఐజీబీటీలు (కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్లు). మెగ్గర్ పంపే 500 లేదా 1000 వోల్టుల డీసీ నేరుగా లోపలికి పోతుంది. ఒకవేళ డ్రైవ్ బతికినా రీడింగ్‌ను నమ్మలేం. లోపలి భాగాల గుండా కరెంటు భూమికి దారి చేసుకుంటుంది, మెగా ఓంలు తక్కువగా కనిపిస్తాయి, బాగున్న మోటారు రీవైండింగ్‌కు పోతుంది. అందుకే మధ్యలో ఐసొలేటర్ ఉన్నా సరే, నేను డ్రైవ్ దగ్గరే మూడు తీగలూ విప్పి, గుర్తులు కట్టి, పక్కకు వంచుతాను. విప్పే ముందు తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగి, డీసీ బస్ (సరఫరాను డీసీగా మార్చి కెపాసిటర్లలో నిలిపే భాగం) టెర్మినళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. డిస్‌ప్లే ఆరిపోయినంత మాత్రాన కెపాసిటర్లు ఖాళీ అయినట్టు కాదు.

ఇక అసలు విషయం. 400 వోల్టుల సరఫరాకు డీసీ బస్ సుమారు 565 వోల్టులు ఉంటుంది. వేగం తగ్గించినప్పుడు తిరుగుతున్న బరువు మోటారును జనరేటరుగా మారుస్తుంది. ఆ శక్తి వెనక్కి వచ్చి బస్ వోల్టేజీని పెంచుతుంది, చాలా డ్రైవ్‌లు 800 వోల్టుల దరిదాపుల్లో ట్రిప్ అవుతాయి.

పెద్ద ఫ్యానుకు డీసెలరేషన్ సమయం (వేగం తగ్గి ఆగడానికి ఇచ్చే సమయం) పెంచితే చాలు, లేదా దాని మానాన దాన్ని ఆగనివ్వండి. హాయిస్టు (బరువులు ఎత్తి దించే యంత్రం) సంగతి వేరు. బరువు దిగుతున్నంతసేపూ శక్తి వెనక్కి వస్తూనే ఉంటుంది కాబట్టి సమయం పెంచి లాభం లేదు, ఆ శక్తిని వేడిగా ఖర్చుచేసే బ్రేకింగ్ రెసిస్టర్ తప్పనిసరి. అది ఉన్నా ట్రిప్ వస్తోందంటే రెసిస్టర్ తెగిందేమో ఓంలలో కొలవండి, తర్వాత దాన్ని బస్‌కు కలిపే బ్రేకింగ్ ట్రాన్సిస్టర్ చూడండి. మోటారు ఆగి ఉన్నప్పుడే ఓవర్‌వోల్టేజ్ చూపిస్తే సరఫరా వైపు వెతకాలి.

డీసెలరేషన్ సమయాన్ని లెక్కకట్టి పెట్టడం నాకు నచ్చదు. ఎక్కువ సమయంతో మొదలుపెట్టి, డిస్‌ప్లేలో బస్ వోల్టేజీ చూస్తూ తగ్గించుకుంటూ వస్తాను. ట్రిప్ హద్దుకు 50 వోల్టులు కింద ఆపేస్తాను.

అభ్యాసం: హాయిస్టు కాని ఒక యంత్రాన్ని తీసుకోండి. ఐదు వేర్వేరు డీసెలరేషన్ సమయాలతో, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి ఆపండి. పదిసార్లూ బస్ వోల్టేజీ ఎంతవరకు ఎక్కిందో రాసి గ్రాఫు గీయండి. కొన్ని యంత్రాల్లో లోడు ఉన్నప్పుడే వోల్టేజీ తక్కువ ఎక్కుతుంది. మీ యంత్రంలో ఎలా వచ్చిందో, ఎందుకో గ్రాఫుతో పాటు రాసి పంపండి.