కైరోతో గీసిన డ్రాఫ్టును అసలు కొలతలో ప్రింటు తీయడం

నేను రాసిన డ్రాయింగ్ లైబ్రరీ చిన్నది. జాకెట్టు కొలతలు ఇస్తే భుజం, చంక, మెడ వంపులతో కటింగ్ డ్రాఫ్టును తెర మీద గీస్తుంది. రాసింది సి భాషలో, గీతల పని కైరో అనే గ్రాఫిక్స్ లైబ్రరీది. అయితే దర్జీకి తెర మీది బొమ్మ దేనికి? గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసుకునే కాగితం కావాలి, అదీ అసలు కొలతలో.

ప్రింటర్ సంగతి తర్వాత, ముందు గీసే ఫంక్షన్ తెరిచి చూడండి. అందులో విండో వెడల్పు, పిక్సెల్ లెక్కలు కనిపిస్తే తీసిపారేయండి. కైరో కాంటెక్స్టూ (ఎక్కడ, ఎలా గీయాలో గుర్తుంచుకునేది), ఒంటి కొలతలూ తప్ప దానికి ఇంకేమీ తెలియకూడదు. నా కోడులో అన్నీ మిల్లీమీటర్లే. తెరకైతే దాని డీపీఐని (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ సంఖ్యను) 25.4తో భాగించి స్కేలు పెడతాను. పీడీఎఫ్‌కు 72ను 25.4తో భాగిస్తాను, అంటే మిల్లీమీటరుకు సుమారు 2.835 పాయింట్లు (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు). గీత మందమూ మిల్లీమీటర్లలోనే ఇవ్వాలి. ఒక పిక్సెల్ గీత తెర మీద చక్కగా కనిపిస్తుంది. 600 డీపీఐ ప్రింటర్‌లో అది 0.05 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కత్తిరించే గీతకు 0.4, కుట్టు గీతకు 0.25 పెట్టాను.

ప్రింటర్‌తో నేరుగా మాట్లాడే కోడు జోలికి పోకండి. 595.28 × 841.89 పాయింట్లతో ఏ4 పీడీఎఫ్ సర్ఫేస్ (కైరో గీసే చోటు) తెరిస్తే చాలు. లినక్స్, మ్యాక్‌లలో కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ ఆ ఫైలునే తీసుకుంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ సర్ఫేస్ కూడా ఉంది (అది ప్రింటర్లకు పేజీని వర్ణించే భాష) గానీ దానికి పారదర్శకత చేతకాదు. అలాంటి చోట కైరో గీతలను పిక్సెల్ బొమ్మగా మార్చేస్తుంది, ఫైలు ఉబ్బిపోతుంది.

అసలు పని పేజీలు విడదీయడంలో ఉంది. చుట్టూ 10 మిల్లీమీటర్లు వదిలితే ఏ4లో మిగిలేది 190 × 277. ముందు భాగం 250 × 370 అనుకుంటే అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు కాగితాలు. ప్రతి కాగితానికీ వరస ఒకటే: కాంటెక్స్టు స్థితిని సేవ్ చేసి, అంచుల లోపలి భాగానికి క్లిప్ పెట్టి (దాని బయట ఏదీ పడదు), ఆ పేజీ వంతు మేరకు ట్రాన్స్‌లేట్ చేసి, అంటే డ్రాఫ్టును జరిపి, డ్రాఫ్టు మొత్తం గీసి, రీస్టోర్‌తో పాత స్థితికి తీసుకురండి. ఏ గీత ఏ పేజీలో పడుతుందో లెక్కగట్టే శ్రమ మనకెందుకు, క్లిప్ చూసుకుంటుంది. రీస్టోర్ అయ్యాక మూలల్లో అతికింపుకు కూడిక గుర్తులు, పక్కన వరస సంఖ్య వేసి, ఆ పేజీని ముగించే షో పేజ్ పిలవాలి.

తెలుగు పేర్లు రాయడానికి కైరో సొంత షో టెక్స్ట్ పనికిరాదు. అది అక్షరాలను కూర్చదు కాబట్టి ‘హుక్స్ పట్టీ’ అన్నచోట వత్తులన్నీ చెదిరిపోతాయి. అక్షరాలను కూర్చే పాంగో లైబ్రరీ ద్వారా రాయండి. హింట్ మెట్రిక్స్ (అక్షరాల వెడల్పులను పిక్సెళ్లకు సరిచేసే ఏర్పాటు) ఆపేస్తే తెర మీద ఎక్కడ విరిగిన వాక్యం కాగితం మీదా అక్కడే విరుగుతుంది.

చివర సర్ఫేస్ ఫినిష్ పిలిచి ఫైలును ముగించి, తప్పేమైనా జరిగిందేమో స్టేటస్ చూడాలి. ఫినిష్ కాకముందే ఫైలును ప్రింటర్‌కు పంపితే అది సగంలోనే ఉంటుంది.

మొదటి పేజీలో 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి గీసి ఉంచండి. ప్రింటు తీసేవాళ్లు పేజీకి సరిపెట్టే ఐచ్ఛికాన్ని అలాగే వదిలేస్తారు, డ్రాఫ్టు కుదించుకుపోతుంది. ఎల్‌పీ కమాండుతో (కప్స్‌కు ఫైలు పంపేది) తీస్తే ప్రింట్-స్కేలింగ్=నన్ (print-scaling=none) అని ఇవ్వాలి; పీడీఎఫ్ రీడర్ నుంచి తీస్తే యాక్చువల్ సైజ్ ఎంచుకోవాలి. చతురస్రాన్ని స్కేలుతో కొలిచాకే మిగతా కాగితాలు అతికించండి. అది 97 వస్తే 36 అంగుళాల ఛాతీకి అంగుళం పైనే తగ్గినట్టు, ఆ జాకెట్టుకు హుక్స్ పడవు.