నాయనమ్మ గదిలోని పాత సామాన్లను చెమ్మ నుంచి కాపాడుకోవడం ఎలా?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారాక మెట్ట నుంచి కోనసీమకు వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. మా పెంకుటింట్లో నాయనమ్మ పడకగదిని అలాగే ఉంచాం: పందిరి మంచం, భోషాణం, అద్దాల బీరువా, గోడ మీద ఫొటోలు. మన వైపు ఇలాంటి సామానుకు అసలు శత్రువు చెమ్మే. చెదలు, బూజు దాని వెనకాలే వస్తాయి.

కాబట్టి ముందు గోడకు ఆనుకున్నవన్నీ జానెడు ఇవతలకు జరపండి. మంచం కోళ్ల కింద, భోషాణం కింద రాతి పలకలు పెట్టండి. టేకు అంత తేలిగ్గా చెదకు లొంగదు గానీ, బీరువా వెనక చాలాసార్లు మెత్తని చెక్క వేసి ఉంటారు. మట్టి దారులు కనిపిస్తాయేమో అక్కడ చూడండి. ఎండ కాసిన రోజు కిటికీలు తెరవండి, ముసురు పడితే మూసేయండి. మంచానికి వార్నిష్ మాత్రం కొట్టించకండి. ఇన్ని తరాల చేతులు తగిలి వచ్చిన నునుపు మళ్లీ రాదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

చీరల దగ్గర ఓపిక కావాలి. జరీ ఉన్న ఉప్పాడ చీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గరే చిరుగుతుంది. రెండు మూడు నెలలకోసారి నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. నర్సాపురం లేసు గలీబులను కుంకుడు రసంలో నానబెట్టి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేస్తే తడి బరువుకు సాగిపోతాయి.

ఫొటో ఫ్రేముల వెనక కింది మూలల్లో బెండు ముక్కలు అంటిస్తే గోడకు తగలకుండా గాలి ఆడుతుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకకండి. అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఏటిగట్టుకు దగ్గరి ఇల్లయితే ఫొటోలు, కాగితాలు భోషాణం అడుగున కాదు, అటక మీద ఉండాలి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేస్తూనే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆ భోషాణం కాలువ మీద పడవలో వచ్చిందని మా మేనత్తగారు చెబితేనే మాకు తెలిసింది. విన్నది వెంటనే చీటీ మీద రాయండి, పెన్సిల్‌తోనే. చెమ్మకు ఇంకు అలుక్కుపోతుంది. చీటీని చెక్కకు జిగురుతో అంటించకుండా నూలు దారంతో గొళ్లేనికి కట్టండి.