పుయర్ టీ బిళ్లకు పట్టిన ముక్కిన వాసన ఇలా పోయింది (నా అనుభవం)

గుంటూరు వానల్లో పుయర్ టీ బిళ్ల (బిళ్లలా గట్టిగా నొక్కిన చైనా టీ ఆకు) ఎలా దాచాలని చాలామంది అడుగుతున్నారు. నాది చైనాలోని యునాన్ నుంచి వచ్చిన 357 గ్రాముల షౌ, అంటే పులియబెట్టిన రకం. ఆగస్టుకల్లా ముక్కిన బియ్యం వాసన, గుటక వేస్తే వెనకాలే కారం ఘాటు. ఫ్రిజ్, ప్లాస్టిక్ డబ్బా, ఎండ, ఏదీ పనిచేయలేదు.

ముందు వంటింటి అల్మరాలోంచి తీసేశాను. ఎండుమిర్చి పక్కన పెట్టడమే అసలు తప్పు. ఈ టీ చుట్టూ ఉన్న వాసనంతా పీల్చేస్తుంది. వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. బూజు నూగు కనిపిస్తే పారేసేదాన్నే, అదృష్టం, లేదు. నూలు గుడ్డ మీద పెట్టి పడకగదిలో పది రోజులు నీడన ఆరబెట్టాను. ఆపైన కొత్త కుండ కడిగి, వారం బాగా ఎండనిచ్చి, బిళ్లను దాని కాగితంతోనే అందులో ఉంచి గుడ్డ కట్టాను. పక్కన తేమ మీటరు పెట్టాను. 70 శాతం దాటిన రోజు కుండను ఏసీ గదిలోకి మార్చాను.

నెల తర్వాత సన్నని చాకుతో అంచు నుంచి పొరలుగా 5 గ్రాములు విడదీశాను. మరిగే నీళ్లు పోసి పది సెకన్లకు వంపేశాను. రెండో నీళ్లకు తడిమట్టి వాసన, ఖర్జూరం తీపి వచ్చాయి. కారం జాడే లేదు!

షెంగ్, అంటే అలా పులియబెట్టని పచ్చి రకానికి నేను చేసి చూడలేదు. కుండ వల్ల పోయిందా, ఆరబెట్టడం వల్లా అన్నది కూడా గట్టిగా చెప్పలేను.