కొటేషన్ అసలు మాట ఏమిటో తేల్చుకోవడం ఎలా?

"దేశభాషలందు తెలుగు లెస్స" అన్నదెవరు అంటే తడుముకోకుండా శ్రీకృష్ణదేవరాయలు అంటాం. ఆముక్తమాల్యదలో ఆ పాదం ఉన్నమాట నిజమే. అయితే అక్కడ ఆ మాట అంటున్నది రాయలు కాదు, రాయలకు కలలో కనిపించిన ఆంధ్రమహావిష్ణువు. అంతకు సుమారు నూరేళ్ల ముందుదైన క్రీడాభిరామంలోనూ "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందుఁ దెనుఁగు లెస్స" అని ఒక పద్యం కనిపిస్తుంది. ఒకే పాదం రెండు పుస్తకాల్లో ఉంది. ఒకచోట తెలుగు, ఇంకోచోట తెనుగు. మనం చిన్నప్పటినుంచీ వల్లెవేసిన వాక్యానికే ఇంత కథ ఉంటే, ఫోనుకు రోజూ వచ్చే సూక్తుల సంగతి వేరే చెప్పాలా?

ఎవరన్నారు, ఎక్కడన్నారు, సరిగ్గా ఏ మాటల్లో అన్నారు. తేల్చుకోవలసినవి ఈ మూడే. చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. నా మటుకు నాకు మూడోదే ముఖ్యం. పేరు సరైనదే అయినా, ఒక్క మాట జారిపోతే అర్థం తలకిందులైన వాక్యాలు ఎన్నో ఉన్నాయి.

1. విన్నది విన్నట్టు రాసుకోండి

వాక్యం మీకు ఎలా చేరిందో అలాగే, అక్షరం దిద్దకుండా కాగితం మీద పెట్టండి. దానికి తగిలించిన పేరు, సంవత్సరం, సందర్భం కింద రాయండి. అదే వాక్యం మరో నాలుగైదు చోట్ల ఎలా తిరుగుతోందో చూసి ఆ రూపాలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చండి. అన్నిట్లోనూ మారకుండా నిలిచిన రెండు మూడు మాటలు ఉంటాయి. వెతకవలసింది ఆ ముక్కనే. వాక్యం మొత్తం వెతికితే నిన్న మొన్నటి కాపీలే దొరుకుతాయి.

2. పేరు పక్కన పెట్టి వెతకండి

ఆ ముక్కను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి, మనిషి పేరు మాత్రం కలపకండి. పేరు కలిపితే ఆ పేరుతో ప్రచారమైనవే వరసగా వస్తాయి, అసలు మనిషి ఆ వెనకెక్కడో ఉండిపోతాడు. పెద్ద పేర్లు అయస్కాంతాల్లాంటివి, ఊరూ పేరూ తెలియని మంచి మాటలన్నీ వాటికి అతుక్కుంటాయి.

"నీ అభిప్రాయం నాకు నచ్చదు, కానీ అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిచ్చి పోరాడతాను" అన్నది వోల్టేర్ మాటగా లోకమంతా చెప్పుకుంటుంది. వోల్టేర్ 1778లో చనిపోయాడు. ఆ వాక్యం 1906లో వచ్చిన 'ద ఫ్రెండ్స్ ఆఫ్ వోల్టేర్' అనే పుస్తకంలోది. ఎస్.జి. టాలెంటైర్ అనే కలంపేరుతో రాసిన ఎవ్లిన్ బియాట్రిస్ హాల్, వోల్టేర్ ధోరణి ఇదీ అని చెప్పడానికి తన సొంత వాక్యం రాసి కొటేషన్ గుర్తుల్లో పెట్టింది. ఆ రెండు గుర్తులే తర్వాతివాళ్లను దారి తప్పించాయి. "ముందు పట్టించుకోరు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత పోట్లాడతారు, చివరికి నువ్వు గెలుస్తావు" అన్నది గాంధీ పేరిట తిరుగుతోంది. దానికి చాలా దగ్గరి మాటలు 1918లో అమెరికాలో బట్టలు కుట్టే కార్మికుల సంఘం సభలో నికొలస్ క్లైన్ చేసిన ప్రసంగంలో ఉన్నాయి. అందులో ఆఖరి మెట్టు గెలవడం కాదు, నీకు స్మారకాలు కడతారు అని.

తెలుగులో వెతికేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. దీన్ని కాస్త ఓపిగ్గా పట్టించుకోవాలి. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి. సంధిలో మొదటి అక్షరాలు మారిపోతాయి. "తెలుగు లెస్స" అని కొడితే "దెలుఁగు లెస్స" దొరకదు. అందుకని ఒకే మాటకు రెండు మూడు రూపాలు పెట్టుకోండి: సరళాదేశం (సంధిలో క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) జరిగినది, జరగనిది; అరసున్నతో ఒకటి, లేకుండా ఒకటి; "ఒట్టి" అని, "వొట్టి" అని, "వట్టి" అని. పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో అక్షరాలను యంత్రం సరిగా చదవదు, వత్తులూ గుణింతాలూ తారుమారు అవుతాయి. కాబట్టి వెతికితే రాలేదు అంటే పుస్తకంలో లేదని అర్థం కాదు. విషయసూచిక చూసి పేజీలు తిప్పాల్సి రావచ్చు. వికీసోర్స్‌లో మనుషులు టైపు చేసి సరిచూసిన తెలుగు గ్రంథాలు కొన్ని ఉన్నాయి. ముందు అక్కడ చూసి, తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ప్రతికి వెళ్లండి.

ఇంగ్లిష్ సూక్తులైతే మీకంటే ముందు ఎవరైనా ఆ దారి నడిచి ఉంటారు. వికీకోట్‌లో ఒక్కో వ్యక్తి పేజీలో, తప్పుగా అంటగట్టినవి, వివాదంలో ఉన్నవి అని విడిగా భాగాలుంటాయి. కోట్ ఇన్వెస్టిగేటర్ అనే సైటు ఒక్కో వాక్యం పుట్టుపూర్వోత్తరాలను సంవత్సరాల వరసలో పెడుతుంది. 2006లో వచ్చిన యేల్ సూక్తుల కోశం కూడా మొదట ఎక్కడ అచ్చయిందో చూపించడం మీదే శ్రద్ధ పెట్టింది. ఎవరు చెప్పినా వాళ్లు చూపించిన పేజీ వరకూ వెళ్లాల్సింది మీరే.

3. ఆ రోజు ఆ మనిషి ఎక్కడున్నాడు?

"భారతదేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాణ్ణీ ఒక్క దొంగనూ చూడలేదు" అంటూ మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నట్టు ఒక పెద్ద పేరా ఏళ్ల తరబడి తిరుగుతోంది. మెకాలే 1834 జూన్‌లో మద్రాసులో దిగాడు, 1838 దాకా ఇండియాలోనే ఉన్నాడు. 1835 ఫిబ్రవరి 2 అనేది విద్య మీద అతను రాసిన మినిట్ (అధికారిక అభిప్రాయ పత్రం) తేదీ. ఆ రోజున లండన్ పార్లమెంటులో ప్రసంగించే వీలే లేదు. ఆ మినిట్ మనకు పూర్తిగా దొరుకుతుంది, ఈ పేరా అందులోనూ లేదు. నిజమైన తేదీకి అబద్ధపు మాటలు తగిలించడం వల్లే ఇది ఇంతకాలం చెల్లుబాటవుతోంది. మెకాలే మీద కోపం ఉన్నవాళ్లకు అసలు మినిట్‌లోనే కావలసినంత దొరుకుతుంది, అది చదివితే చాలు.

"రొట్టె లేకపోతే కేకు తినమనండి" అన్నది ఫ్రాన్సు రాణి మరీ ఆంత్వానెత్ అంటారు. ఆ మాట ఎవరో ఒక రాకుమారి అన్నట్టు రూసో తన ఆత్మకథలో రాసుకున్నాడు, పేరు చెప్పలేదు. అతను ఆ భాగం రాసే నాటికి ఆంత్వానెత్ ఇంకా చిన్నపిల్ల, ఫ్రాన్సులో అడుగే పెట్టలేదు. పైగా అక్కడున్నది కేకు కాదు, బ్రియోష్ అనే ఒక రకం రొట్టె.

పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఆ రోజున ఉన్న ఊరు. ఈ మూడూ చూడటానికి పది నిమిషాలు పట్టదు.

4. మొదట ఏ భాషలో అన్నారో కనుక్కోండి

అనువాదానికి అసలు పదాలంటూ ఉండవు, మూలానికే ఉంటాయి. "లోకంలో నువ్వు చూడదలచిన మార్పు నువ్వే కావాలి" అన్న వాక్యం గాంధీ రచనల్లో ఆ రూపంలో కనిపించదు. దగ్గరగా వచ్చేది 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో గుజరాతీలో రాసిన ఆరోగ్య వ్యాసాల్లో, అదీ పాముకాటు గురించిన భాగంలో ఉంది. మనం మారగలిగితే లోకం పోకడలు కూడా మారతాయి, ఎదుటివాళ్లు ఏం చేస్తారోనని చూస్తూ కూర్చోనక్కర్లేదు అన్నది దాని భావం. నూరు సంపుటాల గాంధీ రచనల్లో 12వ సంపుటంలో ఇంగ్లిష్ అనువాదం ఉంది. గుజరాతీ రాకపోతే, "గుజరాతీ మూలానికి ఇంగ్లిష్ అనువాదం, దానికి నా తెలుగు" అని రాసేయండి. ఎన్ని చేతులు మారి వచ్చిందో చదివేవాళ్లకు తెలియాలి.

5. పేజీని కళ్లారా చూడండి

ఇక్కడికి వచ్చాక బద్ధకించకూడదు. వెతికినప్పుడు కనిపించే రెండు లైన్ల ముక్కను నమ్మకండి. గూగుల్ బుక్స్‌లో పత్రికల సంపుటాలకు ఒక్కోసారి ఆ పత్రిక మొదలైన సంవత్సరమే వేసి ఉంటుంది, లోపలున్న సంచిక మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాతిది. ముఖపత్రం తెరిచి, అచ్చయిన సంవత్సరం, ఎన్నో కూర్పు అన్నవి చూడండి. తర్వాత ఆ వాక్యానికి ముందు పేజీ, తర్వాతి పేజీ చదవండి.

అలా చదివినప్పుడు ఏం దొరుకుతుందో చెప్పడానికి లార్డ్ ఆక్టన్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. "అధికారం చెడగొడుతుంది, సంపూర్ణాధికారం సంపూర్ణంగా చెడగొడుతుంది" అని అందరూ అంటారు. 1887 ఏప్రిల్ 5న ఆయన మాండెల్ క్రైటన్‌కు రాసిన ఉత్తరంలో ఉన్నది "అధికారానికి చెడగొట్టే గుణం ఉంది" అని. ఇంగ్లిష్ మూలంలోని "టెండ్స్ టు" అన్న రెండు మాటలు నోట్లో నలిగి రాలిపోయాయి. ఆక్టన్ తూకం వేసి చెప్పిన మాట చివరికి తీర్పులా తయారైంది. ముందు పేజీ చదివితే ఆ ఉత్తరం దేని గురించో కూడా తెలుస్తుంది: పోపులనూ రాజులనూ చరిత్రకారుడు మామూలు మనుషుల్ని తూచినట్టే తూచాలి, వాళ్లకు ముందే మినహాయింపు ఇవ్వకూడదు అని వాదిస్తున్నాడాయన. ఎదుట ఉన్నది ఒక పాలకుడు కాదు, తోటి చరిత్రకారుడు. ఇది తెలిశాక ఆ వాక్యాన్ని నేను మునుపటిలా వాడలేకపోయాను.

కథలూ నాటకాలైతే ఆ మాట ఏ పాత్రదో చూడాలి. కన్యాశుల్కం చివర గిరీశం అన్నది "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని. మనం "అడ్డం తిరిగింది" అంటాం. నేనూ చాలాకాలం అలాగే రాశాను, పుస్తకం తెరిచాకే దిద్దుకున్నాను. గిరీశం మాటల్ని గురజాడ అభిప్రాయాలుగా ఉటంకించడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ నాటకం 1897లో ఒకసారి, బాగా మార్చి 1909లో మరోసారి అచ్చయింది. అందుకే ఏ కూర్పులో చూశారో చెప్పకపోతే, "అసలు పాఠం" అన్న మాటకు అర్థం ఉండదు.

ఆర్థర్ కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ మీద రాసిన నాలుగు నవలలు, 56 కథల్లో ఎక్కడా "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న వాక్యం లేదు. "ఎలిమెంటరీ" ఉంది, "మై డియర్ వాట్సన్" ఉంది. రెండూ కలిసి ఒక వాక్యంగా మాత్రం లేవు.

6. పద్యమైతే ఛందస్సును సాక్ష్యానికి పిలవండి

ఇది మన భాష మనకిచ్చిన సౌకర్యం, వదులుకోకండి. వచనంలో ఒక మాట మారిస్తే పట్టుకోవడం కష్టం, పద్యంలో మారిస్తే యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం) దగ్గరో గణం దగ్గరో కాలు తడబడుతుంది. వేమన పద్యంలో రెండో పాదం "చూడ చూడ రుచుల జాడ వేరు". ఎవరైనా "చూడ చూడ రుచులు వేరు వేరు" అని రాశారనుకోండి. అర్థం సరిపోయింది, గణాలూ సరిపోయాయి. కానీ ఆటవెలదిలో నాలుగో గణం మొదట యతి పడాలి. ఇక్కడ "చూడ", "జాడ" అని రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కుదిరింది. "వేరు" అనగానే అది పోతుంది. ఆ మార్పు తర్వాత ఎవరో చేసిందని అక్కడే తెలిసిపోతుంది.

ఛందస్సు కుదిరినంత మాత్రాన పాఠం అసలుదని మాత్రం అనుకోకూడదు. "అహింసా పరమో ధర్మః" తర్వాత "ధర్మహింసా తథైవ చ" అని అతికించి శ్లోకంగా చెబుతున్నారు. మొదటి ముక్క మహాభారతం అనుశాసన పర్వంలో ఉంది. అక్కడ దాని వెంట వచ్చేది "తథాహింసా పరో దమః". వినడానికి రెండూ నడుస్తాయి, ఉన్నది ఒకటే. భారతానికి పుణెలోని భండార్కర్ సంస్థ, వాల్మీకి రామాయణానికి బరోడా ప్రాచ్య సంస్థ ఎన్నో రాతప్రతులు పోల్చి సంశోధిత ప్రతులు వేశాయి. శ్లోకం అందులో ఉందో లేదో చూడండి. అడుగున పాఠాంతరాల పట్టీ ఉంటుంది, దాన్నీ చదవండి.

వేమన విషయంలో స్వహస్తంతో రాసిన ప్రతి అంటూ లేదు. బ్రౌన్ రాతప్రతులు పోగుచేయించి, పోల్చి 1829లో అచ్చు వేయించాడు. అటువంటి చోట "వేమన అన్నది ఇదే" అనకండి, "ఫలానా కూర్పులో పాఠం ఇది" అనండి.

7. తేలింది తేలినంతే రాయండి

"ఆయన అనలేదు" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. మెకాలే విషయంలోలాగా వీలే లేదని చూపగలిగితే అనొచ్చు. లేకపోతే "ఆయన రచనల్లో కనిపించలేదు, దొరికిన పాత అచ్చు ఫలానాది" అనడమే న్యాయం. ఏదీ తేలకపోతే "ఫలానావారి పేరిట ప్రచారంలో ఉంది" అని రాయవచ్చు, మాట బాగుంటే పేరు లేకుండానూ వాడుకోవచ్చు.

నోటుపుస్తకంలో ఒక్కో వాక్యానికి నాలుగు వరసలు చాలు. వాడుకలో ఉన్న రూపం. పేజీలో కనిపించిన రూపం, అరసున్నలతో సహా. పుస్తకం, కూర్పు, సంవత్సరం, పుట. అక్కడ మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో. కింద మీరు చూసిన తేదీ వేయండి. రేపు ఇంకా పాత ముద్రణ దొరికితే పై వరసను కొట్టేయకుండా దాని పక్కనే కొత్తది రాసుకోవచ్చు.